పచ్చ మొహం ఈజిప్టు బొమ్మ: రంగుకి మార్కులు వేశాను, పీఠానికి కోసేశాను

ముందే చెప్పేస్తున్నాను, అయిదుకి మూడు. ఆ మూడూ రంగు వేసినవాళ్ళకి, అమ్మినవాళ్ళకి కాదు. తొందరలో ఉన్నవాళ్ళు ఇక్కడితో ఆపేసి పని చూసుకోండి. మిగతావాళ్ళు కాస్త తీరిగ్గా కూర్చోండి, ఎందుకంటే ఈ బొమ్మ మా ఇంటికొచ్చి నాలుగు నెలలైంది, ఈ నాలుగు నెలల్లో దీన్ని మా అమ్మ ఒకసారి గుమ్మం బయట పెట్టించింది, ఒక వడ్రంగి కోశాడు, వానాకాలం కూడా తన వంతు తను చేసింది.

వస్తువు ఏమిటంటే, ప్రాచీన ఈజిప్టులో చనిపోయినవాళ్ళతోపాటు సమాధిలో పెట్టిన రంగుల చెక్క బొమ్మకి నకలు. పీఠంతో కలిపి పద్నాలుగు అంగుళాల ఎత్తు. ఆకుపచ్చ మొహం, నీలం జుట్టు, మెడ చుట్టూ వెడల్పాటి హారం, చేతులూ కాళ్ళూ ఏవీ కనబడకుండా గుడ్డలో చుట్టేసిన ఒళ్ళు, నెత్తిన రెండు పొడుగాటి ఈకలు, వాటి మొదట్లో ఎర్రటి సూర్యబింబం, దాని కింద అడ్డంగా పొట్టేలు కొమ్ములు. పాదాల కింద పొడుగాటి పెట్టెలాంటి పీఠం, దాని ముందు కొసన ఒక చిన్న డేగ. ధర 2,850 రూపాయలు, డెలివరీకి ఇంకో 120. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో చిన్నప్పుడు మమ్మీని చూసినప్పట్నుంచీ నాకు ఈ ఈజిప్టు పిచ్చి ఉంది, కాబట్టి ధర చూసి రెండు రోజులు ఊగిసలాడి మూడో రోజు రాత్రి ఆర్డర్ పెట్టేశాను. ఆ మాత్రం డబ్బుతో బరంపురంలో ఒక మంచి పట్టు కండువా వచ్చేదని అమ్మ ఇప్పటికీ గుర్తు చేస్తూనే ఉంటుంది.

డెలివరీ గురించి రెండు ముక్కలు. మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బళ్ళో ఒడియా, కస్టమర్ కేర్‌తో హిందీ. 1936లో ఒడిశా ప్రత్యేక రాష్ట్రం అయినప్పుడు మా ఊరు గీతకి ఇటు పడింది, పక్కనున్న పాతపట్నం అటు పడింది, ఆ గీత ఫలితం నేను ఇప్పటికీ కొరియర్ ట్రాకింగ్‌లో అనుభవిస్తుంటాను. పార్సిల్ హైదరాబాద్‌లో బయల్దేరి, విశాఖ దాటి, పలాస దగ్గర మమ్మల్ని పలకరించకుండానే మా పక్కనుంచి వెళ్ళిపోయి, భువనేశ్వర్ చేరి, అక్కడ రెండు రోజులు పడుకుని, బరంపురం వెనక్కొచ్చి, అప్పుడు మా ఇంటికొచ్చింది. అయిదు రోజులన్నారు, పదకొండు పట్టింది. దీనికి నేను మార్కులు కొట్టెయ్యలేదు, అలవాటైపోయింది.

ప్యాకింగ్‌కి మాత్రం కొట్టేశాను. లోపల థర్మకోల్ లేదు, బుడగల కవర్ లేదు, నాలుగు పాత పేపర్లు ఉండలు చుట్టి కుక్కారు. తెరిస్తే ఒక ఈక విరిగి అడుగున పడి ఉంది. నిజం చెప్పాలంటే ఇందులో ఒక న్యాయం ఉంది, అసలు బొమ్మల్లో కూడా ఈ కిరీటాన్ని వేరే ముక్కగా చేసి నెత్తి మీద చిల్లు పెట్టి గుచ్చేవాళ్ళు, అందుకే మ్యూజియాల్లో చాలా బొమ్మలు కిరీటం ఊడిపోయి, నెత్తిన చిల్లుతో బోడిగా నిలబడి ఉంటాయి. కానీ వాటికి ఆ గతి పట్టడానికి రెండు వేల ఏళ్ళకి పైన పట్టింది, నాదానికి పదకొండు రోజులు చాలింది.

ఇప్పుడు అసలు సంగతి. అమ్మకం పేజీలో మూడు మాటలు గొప్పగా రాశారు. ఒకటి, ఇది 'ఉషబ్తి'. రెండు, టుటన్‌ఖామన్ అనే పాతకాలపు ఈజిప్టు రాజు నాటి డిజైన్. మూడు, ఒకే దుంగలోంచి చేత్తో చెక్కినది. మూడింటికి మూడూ తప్పు. మొదటి రెండూ నాకు ఆర్డర్ పెట్టేటప్పుడే తెలుసు, మూడోది మా వడ్రంగి పెద్దాయన చెప్పాడు, అది తర్వాత.

ఇది ఉషబ్తి కాదు. ఉషబ్తి అంటే పని బొమ్మ. చనిపోయినవాళ్ళకి పరలోకంలో కూడా పొలం పని తప్పదని ఈజిప్టు వాళ్ళ నమ్మకం. అక్కడ కాలవలు తవ్వాలి, పొలం దున్నాలి, ఇసక మొయ్యాలి. బతికున్నప్పుడు రాజుగారి పనికి జనాన్ని పట్టుకెళ్ళినట్టే అక్కడా పేరు పెట్టి పిలుస్తారన్నమాట. జమీందారీ రోజుల్లో వెట్టి అనేవాళ్ళే, అదే. ఆ పిలుపు వచ్చినప్పుడు అసలు మనిషికి బదులు ఈ బొమ్మ లేచి 'ఇదిగో నేనున్నాను' అనాలి. ఆ మాటలే మృతుల గ్రంథంలో, అంటే పోయినవాళ్ళకి దారి చూపే వాళ్ళ మంత్రాల పుస్తకంలో ఆరో అధ్యాయం, బొమ్మ ఒంటి మీదే రాసేవాళ్ళు. చేతుల్లో గునపాల్లాంటివి, భుజాన విత్తనాల సంచీ. మొదట్లో మనిషికి ఒకటో రెండో పెట్టేవాళ్ళు, పోనుపోను రోజుకొకడు చొప్పున 365 మంది, వాళ్ళ మీద పదేసి మందికి ఒక మేస్త్రీ లెక్కన 36 మంది, వెరసి 401 దాకా పోయింది. టుటన్‌ఖామన్‌కైతే 413. నెలకొకడు చొప్పున ఇంకో పన్నెండు మంది పైమేస్త్రీలు ఉన్నారు మరి. చచ్చి పైకెళ్ళినా పనికి బినామీలు పెట్టుకున్నారంటే, మా పంచాయతీ పనుల్లో మస్టర్లు రాసేవాళ్ళు గుర్తొచ్చారు నాకు.

నా దగ్గరున్నది పని బొమ్మ కాదు, దేవుడి బొమ్మ. పేరు కాస్త పెద్దది, ప్తాహ్-సోకర్-ఒసిరిస్. ముగ్గురు దేవుళ్ళు ఒకే ఒంట్లో. ప్తాహ్ అంటే మెంఫిస్ నగరం దేవుడు, పనివాళ్ళకీ శిల్పులకీ ఆయనే పెద్ద, మన విశ్వకర్మ అనుకోండి. సోకర్ శ్మశానం దేవుడు, డేగ రూపం. ఒసిరిస్ చచ్చి బతికినవాడు, పరలోకానికి రాజు. ఈ ముగ్గుర్నీ కలిపి, పొడుగాటి పీఠం మీద నిలబెట్టి చేసిన బొమ్మలు ఎక్కువగా వచ్చింది టుటన్‌ఖామన్ పోయిన ఆరేడు వందల ఏళ్ళ తర్వాత, క్రీ.పూ. 664 నుంచి క్లియోపాత్రా దాకా నడిచిన కాలంలో. అంటే అమ్మకం పేజీ రాసినవాళ్ళు మన పక్కింటి తాతగారి ఫోటో కింద శ్రీకృష్ణదేవరాయలని పేరు రాసినట్టు రాశారు. ఈజిప్టు అనగానే టుటన్‌ఖామన్ పేరు తగిలిస్తే సరుకు అమ్ముడవుతుంది, అంతే.

రంగు దగ్గరికి వస్తే నా నోరు మూతపడింది, ఒప్పుకోవాలి. ఎవరు వేశారో గానీ అసలు బొమ్మల ఫోటోలు దగ్గర పెట్టుకుని వేశారు. మొహం పచ్చదనం చూడండి, చిలకపచ్చ కాదు, ప్లాస్టిక్ పచ్చ కాదు, వరి మొలక వారం రోజులకి తేలే పచ్చ. ఒసిరిస్‌కి పచ్చ ఒళ్ళు ఎందుకంటే ఆయన పంట, చచ్చిన గింజ మళ్ళీ మొలవడం. కొన్ని బొమ్మలకి నల్ల మొహం ఉంటుంది, అది నైలు వరద తగ్గిపోయాక మిగిలే ఒండ్రు రంగు. వంశధార వరదొచ్చి పోయాక పొలాల్లో మిగిలే ఒండ్రు చూసినవాళ్ళకి ఆ నలుపు ఎందుకు మంచి రంగో చెప్పక్కర్లేదు. బంగారు మొహం ఉన్నవి కూడా ఉంటాయి, దేవుళ్ళ మాంసం బంగారమని వాళ్ళ లెక్క. ఈ అమ్మకందారు దగ్గర బంగారు మొహందీ ఉంది, 400 ఎక్కువ. వద్దు, పచ్చదే బాగుంది.

ఒంటి మీద ఎరుపు, దాని మీద పూసల వల అల్లినట్టు సన్న గీతలు. దగ్గరగా పెట్టుకుని చూశాను, గీత ఎక్కడా వణకలేదు, రెండు గీతలు కలిసే చోట మాత్రం చిన్న చుక్క, కుంచె కాస్త ఆగి ఎత్తిన గుర్తు. స్టిక్కర్ కాదు, మిషన్ కాదు, మనిషి చెయ్యే. వెనక వీపు మీద కూడా వదల్లేదు, గోడకి ఆనించి పెట్టే బొమ్మకి వీపున ఎవడు రంగేస్తాడండీ ఈ రోజుల్లో. అసలు వాటికీ వెనకాల రాత ఉంటుంది, ఆ సంగతి ఈ కుంచె పట్టినవాళ్ళకి తెలిసింది.

ఒక్క తేడా, ఇది అక్రిలిక్. అసలు బొమ్మకి ముందు చెక్క మీద సుద్దని జిగురులో కలిపి ఒక పూత పూసేవాళ్ళు, చెక్క మరీ ఎగుడుదిగుడుగా ఉంటే నార గుడ్డ అంటించి దాని మీద పూసేవాళ్ళు. ఆరాక నున్నగా రుద్ది, అప్పుడు రంగు. ఎరుపుకి కావి మట్టి, నలుపుకి మసి, పసుపుకి పసుపు మట్టి లేకపోతే హరితాళం. నీలం మాత్రం మట్టిలో దొరికేది కాదు, ఇసక, సున్నం, రాగి కలిపి కొలిమిలో కాల్చి చేసింది, మనిషి చేత్తో తయారుచేసుకున్న మొదటి రంగుల్లో అదొకటి. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఒడిశాలో పటచిత్రం వేసేవాళ్ళని చూసినవాళ్ళకి ఈ పద్ధతి కొత్త కాదు. గుడ్డకి చింతగింజల జిగురులో సుద్ద కలిపి పూస్తారు, ఆరాక రాయితో రుద్దుతారు, తెలుపుకి శంఖం పొడి, నలుపుకి దీపం మసి, ఎరుపుకి హింగుళం, పసుపుకి అదే హరితాళం, అన్నిటికీ వెలగ బంక. ఎక్కడి నైలు, ఎక్కడి పూరీ, ఒకే పసుపు రాయి. అందుకే ఒక కోరిక: ఇదే బొమ్మని మన పక్కన ఎవరైనా ఆ రంగులతో చేస్తే నేను అయిదు వేలైనా ఇచ్చి కొంటాను. ఈ అక్రిలిక్ మీద పైగా మెరిసే వార్నిష్ కొట్టారు, ట్యూబ్‌లైట్ కింద పెడితే బొమ్మ మొహంలో మా ఫ్యాన్ తిరుగుతూ కనబడుతుంది.

రాత గురించి చెప్పకుండా వదిలితే నిద్ర పట్టదు. ముందు భాగంలో ఛాతీ కింద నుంచి పాదాల దాకా పసుపు పట్టీ, దాని మీద నిలువుగా బొమ్మల లిపి. చూడ్డానికి ఎంత బాగుందో అంత దండగ. గుడ్లగూబ, నీటి అల, రెల్లు ఆకు, మళ్ళీ గుడ్లగూబ, మళ్ళీ అల. అదే వరస అయిదు సార్లు. చీర అంచు మీద హంసలు వేసినట్టు వేసేశారు. అసలు బొమ్మల మీద అక్కడ ఒసిరిస్‌ని తలచుకునే మాటలో, 'రాజు ఇచ్చే నైవేద్యం' అని మొదలయ్యే వాక్యమో ఉంటుంది, ఆ తర్వాత పోయిన మనిషి పేరు, అమ్మానాన్నల పేర్లు. పేరు ముందు 'ఒసిరిస్' అని చేరుస్తారు, మనం కీర్తిశేషులు ఫలానా అన్నట్టు. మొత్తం బొమ్మలో ఇది ఫలానావాళ్ళది అని చెప్పే చోటు అదొక్కటే, అక్కడ గుడ్లగూబల్ని నింపారు. ఒక మంచి ఫోటో చూసి ఉన్నదున్నట్టు ఎక్కించడానికి ఇంకో గంట పట్టేదేమో. రంగు వేసిన చెయ్యి అంత శ్రద్ధగా ఉంది కాబట్టి ఆ తప్పు ఆ చేతిది కాదనే నా నమ్మకం, నమూనా ఇచ్చినవాళ్ళది.

డేగని చూస్తే చిలకలా ఉంది. దాని గురించి ఇంక మాట్లాడను.

ఇప్పుడు అమ్మ. బొమ్మని టీవీ పక్కన పెట్టాను, అమ్మ వంటింట్లోంచి వచ్చి చూసి, "ఏట్రా ఇది?" అంది. నేను తెలివితక్కువగా ఉన్న మాట చెప్పేశాను. "సమాధిలో ఎట్టేదాన్ని తెచ్చి ఇంట్లో ఎడతావేట్రా? దీపం ఎట్టే ఇల్లు!" అని ఆ సాయంత్రమే గుమ్మం బయట చెప్పుల స్టాండు మీదకి పంపించేసింది. అక్కడ మూడు రోజులుంది. మా మేనల్లుడు బడి నుంచి వచ్చి ఏలియన్ అనుకుని దానికో బిస్కెట్ పెట్టాడు. మూడో రోజు నేను అమ్మతో ఒసిరిస్ కథ చెప్పాను, తమ్ముడు చంపి ముక్కలు చేస్తే పెళ్ళాం ఐసిస్ ఊరూరా తిరిగి ఆ ముక్కలన్నీ ఏరి తెచ్చి కలిపి కట్టిందని, అందుకే ఆ గుడ్డ చుట్టిన ఒళ్ళని. ఆయన పేరు చెప్పి మట్టిలో గింజలు కలిపి చిన్న మమ్మీ ఆకారంలో చుట్టి పెట్టేవాళ్ళని కూడా చెప్పాను. అమ్మ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పెళ్ళికి పాలికలు పోస్తాం గదా, అలాటిదేనా?" అని అడిగింది. అలాటిదేనన్నాను. బొమ్మ ఫ్రిజ్ మీదకి వచ్చింది. దేవుడి గూటికి దూరంగా, కానీ ఇంట్లోకి.

అమ్మతో మాట్లాడుతుంటేనే నాకు అసలు లోపం తట్టింది. ఈ బొమ్మల పని నిలబడి ఉండడం కాదు, దాచడం. పీఠంలో గానీ ఒంట్లో గానీ ఒక గూడు తొలుస్తారు. దాంట్లో చుట్టిన పపైరస్, అంటే రెల్లు లాంటి మొక్కతో చేసిన వాళ్ళ రాత కాగితం, పెడతారు, లేకపోతే ఆ గింజల మట్టి మమ్మీని పెడతారు, పైన మూత వేస్తారు, మూత మీద ఆ డేగ కూర్చుంటుంది. డేగ అలంకారం కాదు, అది కాపలా. ఇప్పుడు లండన్‌లో బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న హునెఫర్ అనే లేఖకుడి పపైరస్ ఉంది చూడండి, గుండెని త్రాసులో ఈకతో తూచే ఆ బొమ్మ ఎక్కడో ఒక చోట అందరూ చూసే ఉంటారు, అది దొరికింది ఇలాంటి చెక్క బొమ్మ లోపలే. టుటన్‌ఖామన్ తర్వాత కొన్ని దశాబ్దాలకే, సేతి రాజు కాలం నాటిది, ఈ రకం బొమ్మల్లో పాతకాలపుది. మూడు వేల ఏళ్ళు చెక్క పొట్టలో చుట్ట చుట్టుకుని ఉంది కాబట్టే రంగు చెదరకుండా మనదాకా వచ్చింది. నేను కొన్న నకలుకి పొట్ట లేదు. డేగని బంకతో అంటించేశారు, కింద ఏమీ లేదు, గట్టి దిమ్మ. పెట్టె ఆకారం ఉంది, పెట్టె లేదు. తాళం బుర్ర గీసి తలుపు మర్చిపోయినట్టుంది యవ్వారం.

అమ్మకి ఈ గూడు సంగతి చెప్తే వింతపడలేదు. "జగన్నాథుడికి లేదేట్రా?" అంది. నిజమే, 2015లో నవకళేబరం, అంటే పూరీ జగన్నాథుడి చెక్క విగ్రహాలు మార్చే పండగ, జరిగిన ఏడాది అమ్మ మా పెద్దమ్మ వాళ్ళతో పూరీ వెళ్ళొచ్చింది. పాత వేప విగ్రహాల్లోంచి బ్రహ్మ పదార్థాన్ని కళ్ళకి గంతలు కట్టుకుని తీసి కొత్తవాటిలో పెట్టడం, పాతవాటిని కోయిలి వైకుంఠంలో భూమిలో పెట్టడం, దయితాపతులనే గుడి సేవకులు ఇంట్లో మనిషి పోయినట్టే మైల పట్టడం, ఇవన్నీ ఆవిడ నాకంటే బాగా చెప్తుంది. చెక్క దేవుడికి పొట్టలో ఒక చోటు ఉండాలన్నది మా వైపు వాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు, ఆ అమ్మకందారుకే నేర్పాలి.

సరే, గూడు నేనే తొలిపిద్దామని మా వీధి చివర వడ్రంగి పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్ళాను. ఆయన ఒడియా మనిషి, తెలుగు మా కంటే బాగా మాట్లాడతాడు, కోపం వస్తే మాత్రం ఒడియాలోకి వెళ్ళిపోతాడు. బొమ్మని అటూ ఇటూ తిప్పి, గోటితో పీఠం కొట్టి, తర్వాత ఒంటిని కొట్టి, రెండు చప్పుళ్ళూ విని నా మొహం చూశాడు. డేగని సన్న ఉలితో లేపి, పీఠం మీద డ్రిల్ పెట్టగానే తురుము రాలేదు, పొడి వచ్చింది. గోధుమ పిండిలాంటి పొడి. "ఏయిటా కాఠ నుహే" అన్నాడు. చెక్క కాదు ఇది అని. రంపపు పొట్టుని జిగురు కలిపి నొక్కిన అట్ట, మన కిచెన్ కబోర్డులకి వేస్తారే, అదే. ఒళ్ళు మామిడి చెక్క, రెండు ముక్కలు అతికించింది. ఒకే దుంగ అట! మేడిపండు సామెత ఊరికే రాలేదు.

ఇక్కడ నేను అమ్మకందారుని కొంచెం వెనకేసుకొస్తాను కూడా. ముక్కలు అతికించడం తప్పేం కాదు. ఈజిప్టులో పెద్ద దుంగలిచ్చే చెట్లు తక్కువ, ఉన్నవి తుమ్మ, ఝావుక అనే ఎడారి చెట్టు, మన మేడికి దగ్గర చుట్టమైన అత్తి జాతి చెట్టు. నిటారు దేవదారు కావాలంటే లెబనాన్ నుంచి ఓడల్లో రావాలి, అది డబ్బున్నవాళ్ళ మాట. అందుకే వాళ్ళ పనివాళ్ళు వంకర ముక్కల్ని చెక్క చీలలతో బిగించి, సందుల్లో లప్పం లాంటిది కూరి, పైన సుద్ద పూసి, రంగు వేస్తే అతుకు కనబడేది కాదు. పాదాల కింద కుసి చెక్కి పీఠంలో గాడి తీసి దింపేవాళ్ళు. కాబట్టి 'రెండు ముక్కల మామిడి చెక్క, పీఠం నొక్కిన పొట్టు' అని పేజీలో రాసి ఉంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు, ధర 1,500 ఉంటే ఇంకా మంచిది.

పెద్దాయనకి ఫోన్‌లో ఒక ఫోటో చూపించాను, అది మీకూ చెప్పాలి. 1920లో అమెరికన్ తవ్వకందారు హెర్బర్ట్ విన్‌లాక్ మనుషులు లగ్జర్ దగ్గర మెకెట్రే అనే అధికారి సమాధిలో ఎవరి కంటా పడని ఒక చిన్న గది కనిపెట్టారు, నిండా రంగుల చెక్క బొమ్మలు, నాలుగు వేల ఏళ్ళ నాటివి. రొట్టెలు చేసే ఇల్లు, ధాన్యం కొట్టు, పశువుల లెక్క, పడవలు, నేత శాల, వాటిలో ఒక వడ్రంగి శాల కూడా. సగం కైరోలో, సగం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నాయి. వడ్రంగి శాలలో ఒకడు పలకని నిలువుగా గుంజకి కట్టేసి రంపంతో కోస్తుంటాడు. పెద్దాయన ఆ ఫోటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి చాలాసేపు చూశాడు. "లాగుతున్నాడు, తొయ్యట్లేదు," అన్నాడు. నిజంగానే వాళ్ళ రంపాలు లాగితే కోసేవి. నేను చెప్పకముందే ఆ బొమ్మ నిలబడ్డ తీరు చూసి కనిపెట్టేశాడు ఆయన. ప్తాహ్ మీ విశ్వకర్మ లాంటివాడే అని చెప్తే, "అయితే మరి పొట్టు పీఠం మీద నిలబెట్టారేటి బాబూ?" అని విసుక్కుని, ఆ పీఠాన్ని పక్కన పడేసి, పాత తలుపు చట్రం ముక్కలోంచి టేకు పీఠం చేసి ఇచ్చాడు. గూడు తొలిచి, మూతకి గాడి పెట్టి, చిలక డేగని మూత మీద అంటించి, విరిగిన ఈకకి లోపల వెదురు పుల్ల గుచ్చి నిలబెట్టాడు. 350 తీసుకున్నాడు. రంగు నేనే వేశాను, అందుకే అక్కడ గీతలు వణుకుతుంటాయి.

కస్టమర్ కేర్ సంగతి తొందరగా తేల్చేస్తాను. పొడి ఫోటోలు పంపిస్తే, 'ప్రొడక్ట్‌ని మీరే పాడుచేశారు కాబట్టి రిటర్న్ కుదరదు' అన్నారు. కొయ్యకుండా పొట్టు అని ఎలా తెలుస్తుందండీ అంటే జవాబు లేదు. నాలుగు రోజులు చాట్‌లో తిరగ్గా తిరగ్గా 300 రూపాయల కూపన్ ఇచ్చారు, అది మళ్ళీ వాళ్ళ దగ్గరే 3,000 పైన కొంటే చెల్లుతుందట. ఇంకో అబద్ధం కొనుక్కోమని డిస్కౌంట్.

వానాకాలం అప్‌డేట్: ఆగస్టులో గాలి తడికి ఒంటి మీద అతుకు వెంబడి, ఎడమ భుజం నుంచి మోకాలి దాకా, వెంట్రుక మందాన పగులు వచ్చింది. రంగు లేవలేదు, పచ్చ మొహం చెక్కు చెదరలేదు. టేకు పీఠం రాయిలా ఉంది. పాత పొట్టు పీఠం పెరట్లో వదిలేస్తే రెండు వానలకి నానబెట్టిన రస్కులా ఉబ్బిపోయింది. మీది సముద్రం పక్క ఊరైనా, మాలాగా కొండ వానల ఊరైనా, కొన్నాక అడుగున, వెనక, వార్నిష్ లేని చోటల్లా ఒక కోటింగ్ వేసుకోండి.

కొనాలా వద్దా అంటే, షోకేసులో దూరం నుంచి చూడ్డానికైతే కొనుక్కోండి, ఈ ధరకి ఇంత రంగు పని నేను ఇంకెక్కడా చూళ్ళేదు. పచ్చ మొహందే తీసుకోండి, బంగారం వద్దు. బాక్స్ తెరిచేటప్పుడు వీడియో తియ్యండి, ఈక విరిగితే పనికొస్తుంది. పీఠం కోసం మీ ఊరి వడ్రంగికి ఒక నాలుగు వందలు పక్కన పెట్టుకోండి. పిల్లలున్న ఇల్లయితే కిరీటం జాగ్రత్త. పేజీలో ఉన్న చరిత్ర మాత్రం చదవకండి.

గూడు ఏం చేశావని మా మేనల్లుడు అడిగాడు. నేనైతే సన్న కాగితం మీద మా తాతగారి పేరూ ఊరూ రాసి చుట్టి పెడదామనుకున్నాను, గుడ్లగూబల బదులు అదైనా ఉంటుందని. మూత తీసి చూద్దును కదా, అప్పటికే లోపల మా అమ్మ బీరువా రెండో తాళంచెవి దాచేసి ఉంది. అదేంటమ్మా అంటే, డేగ కాపలా ఉంటుందని నువ్వే కదా చెప్పావు అంది. కాగితం తాళంచెవికి చుట్టి మూత పెట్టేశాను.